ఇంగ్లిష్ మాట వెనక కథ నిజమో, కాకమ్మ కథో తేల్చుకోవడం ఎలా?

“హలో అనేది గ్రాహం బెల్ ప్రేయసి పేరటండీ, నిజమేనా?” ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. ఆవిడ పూర్తి పేరు మార్గరెట్ హలో అట. ఫోన్ తయారుకాగానే బెల్ మొట్టమొదట ఆవిడనే పేరు పెట్టి పిలిచాడట. ఈ వరసలోనే న్యూస్ అంటే నాలుగు దిక్కులట, ఓకే అంటే యుద్ధంలో ఎవరూ చనిపోలేదనట, ఇంకా ఎన్నో ‘అట’లు. ఒక్కోదానికీ విడిగా జవాబు రాస్తూ కూర్చుంటే తెమిలే పని కాదు. అందుకే ఈసారి జవాబు బదులు, దాన్ని వెతుక్కునే పద్ధతి రాస్తున్నాను. భాషాశాస్త్రం చదివి ఉండక్కర్లేదు. ఒక మాటకు అరగంట, మొండిదైతే ఒక సాయంత్రం పడుతుంది.

కావలసినవి

ఇంటర్నెట్ ఉన్న ఫోన్, ఒక నోటుపుస్తకం. కంప్యూటర్ ఉంటే మరీ మంచిది, పాత పుస్తకాల పేజీలు ఫోన్ తెరమీద చదవాలంటే కళ్లు లాగుతాయి. ఆన్‌లైన్‌లో ఈ చోట్లు గుర్తుపెట్టుకోండి:

- ఎటిమాన్‌లైన్. ఉచితం. మాట ఎప్పటిదో, ఏ భాషలోంచి వచ్చిందో నాలుగు ముక్కల్లో చెబుతుంది. ఎప్పుడైనా మొదలు ఇక్కడే.
- మెరియమ్-వెబ్‌స్టర్. ఇదీ ఉచితమే. అర్థం కింద ‘మొదటి వాడుక’ అని ఒక సంవత్సరం ఇస్తుంది.
- గ్రీన్స్ డిక్షనరీ ఆఫ్ స్లాంగ్. యాస మాటలకు, తిట్లకు దీన్ని మించింది లేదు. ప్రతి మాటకూ ఏ ఏడాది ఎవరు ఎలా వాడారో ఉదాహరణలతో చూపిస్తుంది.
- ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ. అన్నిటికీ పెద్దన్న. దీనికి చందా కట్టాలి. మీ యూనివర్సిటీ లైబ్రరీకి చందా ఉంటే లోపల కూర్చుని చూసుకోవచ్చు.
- గూగుల్ బుక్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్. పాత పుస్తకాల్లో నేరుగా వెతకడానికి.
- హాబ్సన్-జాబ్సన్. మన దేశపు మాటలు ఇంగ్లిష్‌లోకి వెళ్లిన తీరు మీద యూల్, బర్నెల్ కూర్చిన నిఘంటువు, 1886 నాటిది. షికాగో యూనివర్సిటీ వాళ్ల దక్షిణాసియా నిఘంటువుల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు కూడా అక్కడే ఉంది.

ఇంటర్నెట్ సరిగా రాని చోట ఉన్నవాళ్లు జిల్లా గ్రంథాలయంలో పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు ఏదైనా అడగండి. మాట చివర చదరపు బ్రాకెట్లలో పుట్టుక రాసి ఉంటుంది. తేదీ అన్నిట్లో ఉండదు కానీ, ఏ భాషదో తెలుస్తుంది.

1. కథలోంచి పేరు, ఏడాది, చోటు బయటికి లాగండి

నోటుపుస్తకంలో పేజీకి ఎడమవైపు కథను రాసుకోండి. మొత్తం రాయక్కర్లేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఈ మూడూ చాలు. హలో కథనే తీసుకుందాం. ఎవరు? అలెగ్జాండర్ గ్రాహం బెల్. ఎప్పుడు? టెలిఫోన్ పేటెంట్ వచ్చిన 1876 ప్రాంతం. ఎక్కడ? అమెరికా.

ఈ మూడింట్లో ఒక్కటీ లేని కథలు కూడా వస్తుంటాయి. “పూర్వం ఒక రాజు దగ్గర...” అని మొదలయ్యేవి. వాటితో కుస్తీ పట్టకండి. పట్టుకోవడానికి ఏమీ లేని కథను తప్పని చూపడమూ కుదరదు, అలాగని నమ్మడానికీ ఏమీ ఉండదు. పక్కన పెట్టేసి నేరుగా రెండో మెట్టుకు వెళ్లండి.

2. మాట మొదట అచ్చులో కనిపించిన ఏడాది కనుక్కోండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. పేజీకి కుడివైపు ఈ తేదీ రాయాలి.

ముందు ఎటిమాన్‌లైన్, తర్వాత మెరియమ్-వెబ్‌స్టర్ చూడండి. రెండూ దగ్గర దగ్గరగా ఒకే కాలం చెబితే సగం పని అయినట్టే. తేడా ఉంటే, ఎవరు ఉదాహరణ వాక్యం చూపించారో వాళ్లను నమ్మండి. తేదీ ఒక్కటే ఇచ్చి వాక్యం ఇవ్వని చోట నమ్మకం కాస్త తగ్గించుకోండి.

హలోకు వెతికితే, అది 1826లో అమెరికాలో కనెటికట్ రాష్ట్రపు నార్విచ్ కూరియర్ అనే పత్రికలో అచ్చయి ఉంది. దానికి ముందు హాలో, హొలో, హొల్లా అనే రూపాలు వందల ఏళ్లుగా ఉన్నాయి. దూరంగా ఉన్న మనిషిని కేకేయడానికో, వేటలో కుక్కల్ని ఉసిగొల్పడానికో వాడిన అరుపులు అవి. మన ‘ఓహోయ్’ లాంటివి.

సొంతంగా వెతకాలనుకుంటే గూగుల్ బుక్స్‌లో మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి కొట్టండి. తర్వాత టూల్స్‌లోకి వెళ్లి, మీకు కావలసిన సంవత్సరాల మధ్యకు వెతుకులాటను కుదించండి. రెండు మూడు మాటల పదబంధాలకు ఇది బాగా పనికొస్తుంది. ‘ఓకే’ లాంటి రెండక్షరాల మాటకు మాత్రం చెత్తంతా వచ్చి పడుతుంది. అలాంటివాటికి నిఘంటువునే నమ్ముకోండి.

జాగ్రత్తలు రెండు. గూగుల్ బుక్స్ చూపించే సంవత్సరం చాలాసార్లు తప్పు. వందేళ్లు నడిచిన పత్రిక అయితే, అన్ని సంచికలకూ మొదటి సంచిక ఏడాదినే తగిలిస్తుంది. కాబట్టి పేజీ బొమ్మ తెరిచి, పుస్తకం మొదట్లో ఉన్న ఏడాదిని మీ కళ్లతో చూడండి. పేజీ తెరుచుకోకపోతే ఆ తేదీని లెక్కలోకి తీసుకోకండి.

రెండోది, 1800కు ముందు అచ్చయిన ఇంగ్లిష్‌లో ‘ఎస్’ అక్షరం పొడుగ్గా, అచ్చం ‘ఎఫ్’లా ఉండేది. కంప్యూటర్ దాన్ని ఎఫ్ అనే చదువుతుంది. ‘వైజ్’ అన్న చోటల్లా ‘వైఫ్’ అని కనిపిస్తుంది. జ్ఞాని మాటలన్నీ భార్య మాటలైపోతాయి! (అందులో తప్పేముంది అని మా ఆవిడ అంటుంది, అది వేరే సంగతి.)

3. రెండు తేదీలు పక్కపక్కన పెట్టండి

ఎడమవైపు కథ తేదీ, కుడివైపు మాట తేదీ. మాటే వయసులో పెద్దదైతే కథ అక్కడితో అయిపోయినట్టు.

బెల్ పుట్టింది 1847లో. హలో అచ్చయింది 1826లో. అంటే ఆయన పుట్టకముందే 21 ఏళ్లుగా కాగితం మీద ఉన్న మాట అది. ఇక ప్రేయసి సంగతి వెతకనే అక్కర్లేదు. వెతికితే ఇంకా చిక్కుల్లో పడుతుంది ఆ కథ. ఆయన 1877లో పెళ్లాడిన అమ్మాయి పేరు మేబెల్ హబర్డ్, ఆమెకు చెవులు వినపడవు. 1876 మార్చి 10న ఫోన్‌లో బెల్ పలికిన మొదటి మాటలు తన సహాయకుడు వాట్సన్‌ను ఇటు రమ్మని పిలిచినవి. ఫోన్ ఎత్తగానే ‘అహోయ్’ అనాలన్నది బెల్ పట్టు. హలోను ఫోన్‌కు తగిలించమన్నవాడు ఎడిసన్. 1877 ఆగస్టు 15న పిట్స్‌బర్గ్‌లోని ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ, పిలుపు గంట అక్కర్లేదు, హలో అంటే పది ఇరవై అడుగుల దూరానికి వినపడుతుంది అన్నాడు.

ఓకేను కూడా ఇలాగే తూకం వేయండి. అమెరికా అంతర్యుద్ధంలో, అంటే 1861 నుంచి 1865 దాకా, ‘సున్నా మంది చనిపోయారు’ (‘0 కిల్డ్’, పొడి అక్షరాల్లో ఓకే) అని బోర్డు రాసేవారని కథ. ఓకే మాత్రం బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో 1839 మార్చి 23నే అచ్చయింది. అప్పట్లో బోస్టన్ కుర్ర విలేకరులకు కావాలని తప్పు స్పెల్లింగులు రాసి, వాటికి పొడి అక్షరాలు తీసే సరదా ఉండేది. ‘ఆల్ కరెక్ట్’ను వంకరగా రాస్తే మొదటి అక్షరాలు ఓ, కె అయ్యాయి. మర్నాడే చచ్చిపోవలసిన జోకు అది. కానీ 1840 ఎన్నికల్లో అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ అనుచరులు ఆయన్ను సొంతూరి పేరుతో ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ అవే అక్షరాలతో ప్రచారం చేసేసరికి దేశమంతా పాకింది. దీన్ని తవ్వి తీసినవాడు ఆలెన్ వాకర్ రీడ్ అనే కొలంబియా యూనివర్సిటీ పండితుడు, 1960లలో.

కథ తేదీ ముందు, మాట తేదీ తర్వాత వస్తే? కథ నిజమని కాదు, ఇంకా బతికి ఉందని మాత్రమే. ముందుకు సాగండి.

4. పొడి అక్షరాల కథ అయితే మొదటి నుంచీ అనుమానించండి

ఫలానా మాటకు ‘ఫుల్ ఫామ్’ ఉందని ఎవరైనా అంటే, మాట వయసు చూడండి. పొడి అక్షరాలు కలిపి మాటగా పలకడం ఇంగ్లిష్‌లో బాగా పెరిగింది 20వ శతాబ్దంలోనే. అంతకుముందు మాటకు ఫుల్ ఫామ్ చెబితే నూటికి తొంభైతొమ్మిది సార్లు అది తర్వాత ఎవరో కూర్చుని అతికించినది.

న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ కాదు. ‘న్యూ’ అంటే కొత్తది, న్యూస్ అంటే కొత్తవి, అంతే. పాత స్పెల్లింగులో డబ్ల్యుకూ ఎస్‌కూ మధ్య ఇంకో ‘ఇ’ ఉండేది. మరి ఆ అయిదో దిక్కు ఏది? పాత స్పెల్లింగు చూడడం ఎందుకంటే ఇందుకే. టిప్ కూడా అంతే. త్వరగా పని కావడానికి ఇచ్చేది అని ఏదో ఫుల్ ఫామ్ చెబుతారు గానీ, అది 17వ శతాబ్దపు దొంగల యాసలో ‘ఇయ్యి’ అనే మాట. ఆపదలో ఉన్న ఓడలు పంపే ఎస్ఓఎస్ అయితే నిజంగానే అక్షరాలే, కానీ వాటి వెనక ‘మా ప్రాణాలు కాపాడండి’ లేదు. మోర్స్ సంకేతాల్లో మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు అయితే ఎవరికైనా చప్పున తెలుస్తుందని 1906 బెర్లిన్ ఒప్పందంలో ఖాయం చేశారు. అర్థం తర్వాత అతికింది.

దీనికి మినహాయింపు చూసి నేనే నోరెళ్లబెట్టాను. ‘ఓఎంజీ’ ఇప్పటి పిల్లల మాట అనుకుంటాం కదా. 1917 సెప్టెంబరులో బ్రిటన్ నౌకాదళపు ముసలి అడ్మిరల్ ఫిషర్, చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఆ మూడక్షరాలూ రాసి, పక్కనే ‘ఓ మై గాడ్’ అని విడమర్చాడు కూడా. ‘వావ్’ ఇంకా పాతది. 1513లో స్కాట్లండ్ కవి గావిన్ డగ్లస్ రాసిన అనువాద కావ్యంలో ఉంది. కాబట్టి మాట కొత్తగా వినిపించిందని కొత్తదే అనుకోకండి.

5. ఆశ్చర్యార్థకమైతే లోపల దేవుణ్ని వెతకండి

గాష్, గాలీ, గీ, క్రైకీ, బ్లైమీ, డార్న్, హెక్. ఇవేవీ విడిగా అర్థం ఉన్న మాటలుగా కనిపించవు. కారణం, ఇవి ముసుగు వేసుకున్న మాటలు. దేవుడి పేరు ఊరికే పలకడం క్రైస్తవంలో పాపం. ఇంగ్లండ్‌లో 1606లో చట్టమే వచ్చింది, నాటకంలో దేవుడి పేరు వెటకారంగా గానీ ఊరికే గానీ పలికితే పది పౌండ్ల జరిమానా. ఇలాంటి భయాలతోనే మొదటి అక్షరం ఉంచి మిగతాది మార్చేశారు. గాడ్ కాస్తా గాష్, గాలీ అయింది. జీసస్ ‘గీ’ అయింది, క్రైస్ట్ ‘క్రైకీ’ అయింది. నరకం ‘హెక్’, శాపం ‘డార్న్’. బ్లైమీ అంటే ‘దేవుడు నా కళ్లు పొడవ’. పాత నాటకాల్లో ‘జౌండ్స్’ అని కనిపిస్తే అది ‘దేవుడి గాయాల మీద ఒట్టు’.

మనకిది కొత్తేం కాదు. పాము కరిచిందని అనకుండా ‘పురుగు ముట్టింది’ అంటాం. దీపం ఆరిందని అనకుండా ‘కొండెక్కింది’ అంటాం. పలకకూడని మాట చుట్టూ తిరిగి వెళ్లడం ప్రతి భాషకూ తెలుసు.

పద్ధతి ఇది. ఆశ్చర్యార్థకం మొదటి హల్లు తీసుకోండి. అదే హల్లుతో దేవుడి పేరు, క్రీస్తు పేరు, నరకం, శాపం, వీటిలో ఏదైనా ఉందా చూడండి. ఉంటే నిఘంటువులో సరిచూసుకోండి. ఊహతోనే ఆగకండి, ఎందుకంటే ‘ఊప్స్’, ‘ఔచ్’ లాంటివాటిలో ఏ దేవుడూ లేడు, నోట్లోంచి ఊడిపడ్డ శబ్దాలే.

కొన్నిట్లో దేవుడు శాపంగా కాక దీవెనగా ఉంటాడు. గుడ్‌బైలో ఉన్నది ‘గుడ్’ కాదు, గాడ్. ‘దేవుడు మీతో ఉండుగాక’ అనే నాలుగు మాటలు 1570ల నాటికే నలిగి ఒక్కటైపోయాయి. గుడ్ డే, గుడ్ ఈవినింగ్ పక్కన తిరిగి తిరిగి గాడ్ కాస్తా గుడ్ అయింది. గడప దాటుతూ మనం ‘వెళ్తా’ అనకుండా ‘వెళ్ళొస్తా’ అంటామే, ఆ జాగ్రత్తకు ఇది చుట్టమే.

6. ‘మన దగ్గర్నుంచి వెళ్లిందే’ అంటే రెండింతలు జాగ్రత్త

నిజంగా వెళ్లినవి ఉన్నాయి. ‘డెకో’ అంటే ఒకసారి చూడటం, హిందీ ‘దేఖో’ నుంచి. బ్రిటిష్ సైనికులు తమ దేశాన్ని ‘బ్లైటీ’ అనేవారు, అది విలాయతీ. మతి చలించినవాణ్ని ‘డులాలీ’ అనడం నాసిక్ దగ్గరి దేవలాలీ సైనిక శిబిరం పేరు మీద వచ్చింది. ఓడ ఎక్కడానికి నెలల తరబడి అక్కడ పడిగాపులు కాసి సైనికులకు పిచ్చెక్కేదట. తెలుగువాళ్ల వాటా కూడా ఉంది, ‘బాండికూట్’ అచ్చంగా మన పందికొక్కు. హాబ్సన్-జాబ్సన్ అనే పేరే ఒక అరుపు. మొహర్రంలో ‘యా హసన్, యా హుస్సేన్’ అనే కేక తెల్లదొరల నోట్లో పడి అలా అయింది.

అయితే అదే పుస్తకం ‘డామ్’ దగ్గర బోల్తా పడింది. ‘ఐ డోంట్ గివ్ ఎ డామ్’ (నాకు లెక్కే లేదు) అనే మాటలో ఉన్నది మన దేశపు చిల్లర నాణెం ‘దామ్’ అయ్యుండొచ్చని రాశారు. వినడానికి ఎంత బాగుంది! ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దానికి ఆధారం లేదన్నారు, అది మామూలు శాపం మాటే. మనదే అనే మురిపెం ఉన్న చోట కళ్లు మూసుకుపోతాయి. నేను కూడా ఈ దామ్ కథను ఒకప్పుడు క్లాసులో గొప్పగా చెప్పి, తర్వాత వారం అదే పిల్లల ముందు నాలుక కరుచుకున్నాను.

కాబట్టి హాబ్సన్-జాబ్సన్‌లో దొరికిన ప్రతిదాన్నీ కొత్త నిఘంటువుతో ఒకసారి కలిపి చూడండి.

7. ఫలితాన్ని మూడు గంపల్లో ఒకదాంట్లో వేయండి

‘ఖాయం’, ‘కావచ్చు’, ‘తెలియదు’. పేజీ అడుగున వీటిలో ఒకటి రాయండి, ఎందుకో ఒక్క వాక్యం జోడించండి. హలో, ఓకే, గుడ్‌బై మొదటి గంపలోవి. ‘బైట్ ద బుల్లెట్’ (బాధను పళ్ల బిగువున ఓర్చుకోవడం) రెండో గంప. 1857 సిపాయిల తిరుగుబాటు నాటి తూటాలు పళ్లతో కొరకడం నుంచి వచ్చిందని మనవాళ్లకు చెప్పబుద్ధేస్తుంది. కానీ కొరడా దెబ్బలు తినే సైనికులు అరవకుండా తూటా నమిలేవారని 18వ శతాబ్దం చివర్లోనే ఫ్రాన్సిస్ గ్రోస్ యాస నిఘంటువులో ఉంది. ఆ అలవాటు ఉన్నమాట నిజం. ఈ జాతీయం దాన్నుంచే పుట్టిందనడానికి మాత్రం సూటి సాక్ష్యం లేదు, అందుకే ‘కావచ్చు’. ‘కిక్ ద బకెట్’ (చచ్చిపోవడం) మూడో గంప. 1785లో అదే గ్రోస్ పుస్తకంలో ఉంది, వయసు తెలుసు. ఆ బకెట్ ఏమిటన్నది మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేరు.

నిఘంటువు ‘మూలం తెలియదు’ అంటే అది ఓటమి కాదు, అదే జవాబు. ఖాళీ కనపడగానే పూడ్చేయకండి.

ఎక్కువమంది చేసే తప్పులు

వంద సైట్లలో ఉంది కాబట్టి నిజం అనుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. వందా ఒకదాన్నుంచి ఒకటి కాపీ కొట్టినవే. పరీక్ష తేలిక, రెండు సైట్లలోని వాక్యాలు పక్కన పెట్టి చూడండి, ఒకే తప్పు రెండుచోట్లా ఉంటుంది. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ (కుండపోత వాన) గురించి, పూర్వం గడ్డి కప్పుల్లో పిల్లులు, కుక్కలు పడుకునేవని, వానకు జారి పడేవని చదివే ఉంటారు. అది 1999లో ఇ-మెయిళ్లలో తిరిగిన ఒక సరదా వ్యాసం. మాట మాత్రం 1738లో రచయిత స్విఫ్ట్ రాతల్లో ఉంది, దాన్ని పోలిన మాట 1651లోనే ఉంది. కుక్క కప్పెక్కి పడుకుంటుందా అని ఒక్కరూ ఆలోచించలేదు.

ఒక మాటకు, దాని ఇప్పటి అర్థానికి వయసు ఒకటే అనుకోవడం ఇంకో తప్పు. మాట పాతది, అర్థం కొత్తది కావచ్చు. తేదీ రాసేటప్పుడు ‘ఏ అర్థంలో’ అని పక్కన రాయండి. శబ్దం కలిసిందని చుట్టరికం కలపడం కూడా మనకు బాగా అలవాటు. దారిలో ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో చూపించలేకపోతే ఆ చుట్టరికం వదిలేయండి.

జవాబు సరిపోయిందా అని చూసుకోవడం

మీరు రాసిన పేజీని ఇంట్లో ఒకరికి ఇచ్చి, అందులోని ఏడాదిని వాళ్లనే మళ్లీ వెతకమనండి. మీరు చెప్పకుండానే అదే ఏడాదికి వస్తే సరే. లేదంటే మీరు ఎక్కడ చూశారో సరిగా రాసుకోలేదన్నమాట. ఒకదాన్నొకటి కాపీ కొట్టని రెండు నిఘంటువులు ఒప్పుకుంటున్నాయా? పేజీ బొమ్మ కళ్లతో చూశారా? కథ లేకుండా కూడా మాట పుట్టుక అర్థమవుతోందా? మూడింటికీ అవును అంటే ‘ఖాయం’ అని రాయండి. ఒక్కటి తప్పినా ‘కావచ్చు’లోకి దించండి.

సాధనకు ‘పాష్’ (దర్జా అయినది) తీసుకోండి. ఇండియాకు వచ్చే ఓడల్లో డబ్బున్నవాళ్లు వచ్చేటప్పుడు ఎడమ పక్క, పోయేటప్పుడు కుడి పక్క నీడగా ఉండే గదులు తీసుకునేవారని, టికెట్ మీద ‘పోర్ట్ ఔట్, స్టార్‌బోర్డ్ హోమ్’ (వచ్చేటప్పుడు ఎడమ, పోయేటప్పుడు కుడి) అనే మాటల మొదటి నాలుగు అక్షరాలు ముద్ర వేసేవారని కథ. ఎడమవైపు ఓడల కాలం రాయండి, కుడివైపు మాట తేదీ. పొడి అక్షరాల మెట్టు మర్చిపోకండి. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఒక్కటైనా ఎవరైనా చూపించారా అని కూడా వెతకండి. మాటకు 1914 దగ్గర, ఓడ కథకు 1935 దగ్గర, టికెట్‌కు ఎక్కడా తేలకుండా వచ్చి ఆగారంటే దారి తప్పలేదన్నమాట.